సెనెగల్ నది మీద సెయింట్ లూయిస్ నుంచి కాయ్ దాకా: తరచుగా అడిగే ప్రశ్నలు

పందొమ్మిదో శతాబ్దంలో ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో పశ్చిమాఫ్రికాలోని సెనెగల్ నది మీద, సముద్రం దగ్గరి సెయింట్ లూయిస్ దీవి నుంచి బాగా ఎగువనున్న కాయ్ దాకా ఏటా సాగిన వర్తక ప్రయాణం గురించిన పేజీ ఇది. చరిత్ర చదివేవాళ్లూ, కథకో వ్యాసానికో వివరాలు వెతికేవాళ్లూ ఎక్కువగా అడిగే ప్రశ్నలు తీసుకున్నాం. ఒక్క మాట ముందే చెప్పాలి. ఈ ప్రయాణంలో ఏది అర్థం కాకపోయినా ముందు అడగాల్సింది "అది ఏ నెల, నీళ్లు ఎంత ఉన్నాయి?" అనే. ధరలు, యుద్ధాలు, అప్పులు, జబ్బులు అన్నీ నీటిమట్టం చుట్టూనే తిరిగాయి.

ఈ నది ఎక్కడ పుట్టి ఎక్కడ కలుస్తుంది?

గినీలో పుట్టిన బఫింగ్, బకోయ్ అనే రెండు నదులు నేటి మాలీలోని బఫూలబే దగ్గర కలుస్తాయి. బఫింగ్ అంటే నల్ల నది, బకోయ్ అంటే తెల్ల నది, బఫూలబే అంటే నదుల సంగమం. అక్కడి నుంచి సముద్రం దాకా సుమారు వెయ్యి కిలోమీటర్లు. కింది భాగంలో ఉత్తరపు ఒడ్డు ఇప్పుడు మారిటేనియా, దక్షిణపు ఒడ్డు సెనెగల్. ఆ రోజుల్లో ఉత్తరాన ట్రార్జా, బ్రాక్నా అనే మూర్ (ఎడారి అరబ్బు, బెర్బర్ జనం) అమీర్ల రాజ్యాలు ఉండేవి. దక్షిణాన వాలో, ఫూతా తోరో, ఇంకా పైకి గజాగా ఉండేవి.

దారిలో ఏ ఊళ్లు తగిలేవి? దూరాలెంత?

నది వెంట కొలిస్తే సెయింట్ లూయిస్ నుంచి పోదోర్ సుమారు 270 కిలోమీటర్లు, మాతం 620, బకెల్ 790, కాయ్ 925. సెయింట్ లూయిస్, పోదోర్‌ల మధ్య రిషార్ తోల్, దగానా వస్తాయి. తోల్ అంటే వొలోఫ్ భాషలో తోట. 1820లలో రిషార్ అనే తోటమాలి అక్కడ పంటలు పెంచి చూశాడు, ఊరికి ఆ పేరే నిలిచింది. పోదోర్ ఉన్నది ఒక పెద్ద లంక మీద. ప్రధాన నదికీ దువే అనే పాయకూ మధ్య నూరు కిలోమీటర్లకు పైగా సాగే ఆ లంకను ఫ్రెంచిలో దంతాల లంక అనేవారు, ఒకప్పుడు అక్కడ ఏనుగులు తిరిగేవి కాబట్టి. తర్వాత సాల్దే, కయేదీ, మాతం, బకెల్. కాయ్ దాటి కొద్ది దూరంలో మెదీన్ కోట, దాని పైన ఫేలూ జలపాతం. పడవ ప్రయాణం అక్కడితో ఆఖరు.

ఎప్పుడు బయలుదేరేవారు?

పోదోర్ దాకా ఏడాది పొడవునా నీళ్లుంటాయి. పోదోర్ దాటాక మాఫూ దగ్గర ఇసుక మేట అడ్డు వస్తుంది. వేసవిలో అక్కడి నుంచి పైకి కాస్త బరువున్న పడవ ఏదీ పోలేదు. పై ఊళ్లకు వెళ్లాలంటే వరద రావాల్సిందే.

వాన కురిసేది గినీలోని ఫూతా జలోన్ కొండల్లో, జూన్ నుంచి సెప్టెంబరు దాకా. బకెల్ దగ్గర నది జూలైలో లేస్తుంది, సెప్టెంబరులో నిండుతుంది. వేసవి మట్టానికీ వరద మట్టానికీ అక్కడ పది మీటర్ల తేడా ఉంటుంది. అందుకని సెయింట్ లూయిస్ పడవల బిడారు జూలై ఆఖరున గానీ ఆగస్టులో గానీ కదిలేది. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో సముద్రపు ఆవిరి ఓడలు కూడా నేరుగా కాయ్ రేవు దాకా పోగలిగేవి.

కొత్త సరంగులు మోసపోయేది ఇక్కడే. ఈ నదికి వాలు చాలా తక్కువ. బకెల్‌లో సెప్టెంబరులో నిండిన నీరు దగానా చేరి అక్కడ నది నిండేసరికి అక్టోబరు చివర, ఒక్కోసారి నవంబరు. అంటే అక్టోబరులో పోదోర్ గట్టున నిలబడినవాడికి నది ఇంకా లేస్తూ కనిపిస్తుంది, అదే వారం కాయ్ దగ్గర నీళ్లు జారిపోతుంటాయి. కళ్ల ముందున్న నీటిని చూసి పైకి పడవ తోలితే పై ఊళ్లలో ఇసుక మీద కూర్చోవాల్సి వచ్చేది.

నీళ్లు తగ్గేలోపు తిరిగి రాకపోతే ఏమయ్యేది?

పడవ మళ్లీ వరద వచ్చేదాకా, అంటే తొమ్మిది పది నెలలు, అక్కడే ఉండిపోయేది. పడవ ఒక్కటే కాదు, దాంట్లో పెట్టిన పెట్టుబడీ ఇరుక్కుపోయేది. చిన్న వర్తకుడికి అది దివాలాయే. సరుకు సగం మాత్రమే కొన్నా సరే, నీరు తీస్తోందని తెలియగానే తిరుగుదారి పట్టినవాడే అనుభవం ఉన్నవాడు.

ఏ పడవలు వాడేవారు? ఎవరు నడిపేవారు?

షలాన్ అనే చదునైన అడుగున్న పెద్ద సరుకు పడవలు, ఒక తెరచాప ఉన్న చిన్న ఓడలు, తర్వాతి కాలంలో ఆవిరి ఓడలు. నదిలో అడుగు చదునుగా ఉంటేనే లాభం. ఇసుక తగిలినా పడవ ఒరగదు, సరుకు దింపి నెట్టుకోవచ్చు.

నడిపేవారిని లాప్తోలు అనేవారు. వీళ్లు సెయింట్ లూయిస్ చుట్టుపక్కలవాళ్లు, నది పైన ఉండే సోనింకే ఊళ్లవాళ్లు. పడవ నడపడం, సరుకు ఎత్తడం, అవసరమైతే తుపాకీ పట్టడం, మూడూ వీళ్ల పనే. 1848లో బానిసత్వం రద్దు కాకముందు వీళ్లలో చాలామంది బానిసలు. యజమాని వీళ్లను జీతానికి పంపి ఆ జీతంలో వాటా పుచ్చుకునేవాడు. ఆ యజమానుల్లో సిన్యార్లు అని పిలిచే సెయింట్ లూయిస్ వర్తక స్త్రీలు కూడా ఎక్కువే.

వరదకు ఎదురుగా పడవ ఎలా పోయేది?

గాలి ఉంటే తెరచాప ఎత్తేవారు. లేకపోతే తాడు. కొయ్యకు మోకు కట్టి లాప్తోలు ఒకరి వెనక ఒకరు గట్టు మీద నడుస్తూ లాగేవారు. గోదావరి, కృష్ణా కాలువల గట్ల మీద పడవలు లాగడం చూసిన పెద్దలకు ఈ దృశ్యం తెలిసిందే. కాకపోతే కాలువకు చక్కటి గట్టు ఉంటుంది, వరదలో ఉన్న ఈ నదికి ఉండదు. గట్టు మునిగి ముళ్లతుమ్మ చెట్లు నీళ్లలోనే నిలబడతాయి. మోకు ఆ కొమ్మలకు చిక్కుకుంటుంది. ఒకడు ఈదుకుంటూ వెళ్లి విడిపించాలి, అవతల మొసలి ఉందో నీటిగుర్రం ఉందో చూసుకోవాలి. లోతు తక్కువైన చోట గెడ వేసి నెట్టేవారు. ఇలా పైకి పోవడానికి నెల దాటేది. దిగిరావడానికి అందులో సగం కూడా పట్టేది కాదు.

ఆవిరి ఓడలు వచ్చాక కష్టం మరో రూపం తీసుకుంది. బొగ్గు ఐరోపా నుంచి రావాలి, కాబట్టి దారిలో కట్టె కొట్టుకోవాలి. వరద మైదానంలో దట్టంగా పెరిగే గొనాకియే చెట్టు, అంటే మన నల్లతుమ్మే, బాయిలర్లకు మేత అయింది. కట్టె గట్టిది, బాగా మండుతుంది. ఆ అడవులు పలచబడటానికి ఇదో కారణం.

నది మీదే ఉంటూ తాగునీరు మోసుకుపోవడం ఎందుకు?

ఎండాకాలంలో నది కింది భాగం ఉప్పు. వాలు లేకపోవడంతో సముద్రపు నీరు రెండు వందల కిలోమీటర్లకు పైగా లోపలికి ఎక్కేది. వేసవిలో బంక (తుమ్మ జిగురు) కొనే రేవులకు పోయే పడవలు పీపాల్లో మంచినీళ్లు నింపుకోవాల్సి వచ్చేది. సెయింట్ లూయిస్ దీవికి కూడా తొట్లలో నిలవ చేసిన వాననీరూ, పైనుంచి పడవల్లో తెచ్చిన నీరే ఆధారం. 1986లో నది మొగకు దగ్గరగా జామా ఆనకట్ట కట్టాక ఉప్పునీరు ఆగింది.

ఏ సరుకు కోసం ఇంత అవస్థ?

పద్దెనిమిదో శతాబ్దంలో పై ఊళ్ల నుంచి బంగారం, ఏనుగు దంతాలు, బానిసలు. పందొమ్మిదో శతాబ్దంలో మాత్రం అన్నిటికన్నా ముందు బంక. సెయింట్ లూయిస్ పొట్ట నింపే జొన్నలు, సజ్జలు కూడా ఫూతా తోరో నుంచి ఇదే నది మీద వచ్చేవి. దీని గురించి రాసేవాళ్లు తక్కువ, కానీ ధాన్యపు పడవలు ఆగితే ఊరు పస్తులుండేది.

బంక అంటే తుమ్మ జాతి చెట్టు జిగురు. వానలు ఆగి, ఎడారి నుంచి హర్మటాన్ పొడిగాలి వీచినప్పుడు బెరడు పగిలి జిగురు ఊరుతుంది. బెరడు చీలిస్తే ఇంకా కారుతుంది. కొన్ని వారాలకు గోలీలంత ముద్దలుగా గట్టిపడతాయి. మూర్ల దగ్గర బానిసలుగా ఉన్నవాళ్లు ముళ్లల్లో చేతులు పెట్టి వాటిని ఏరేవారు. తోలు సంచుల్లో నింపి ఒంటెలు, ఎద్దుల మీద నది ఒడ్డుకు చేర్చేవారు. అసలు బేరాల కాలం ఎండాకాలం, వరదకు ముందు. కాబట్టి ఒకే పడవ వేసవిలో కింది రేవుల్లో బంకకు, వానాకాలంలో పై ఊళ్లకు, ఏడాదికి రెండు తిరుగుళ్లు తిరిగేది.

ఐరోపాలో ఈ బంక అద్దకానికి కావాలి. రంగును చిక్కబరిస్తేనే అచ్చు అంచులు పాకకుండా నిలుస్తాయి. అక్కడి అద్దకం మిల్లులు పుట్టిందే మచిలీపట్నం వంటి రేవుల నుంచి వెళ్లిన మన అద్దకం బట్టలను చూసి అలాంటివి చేయాలనే ప్రయత్నంలో.

బంకకు బదులు ఏమిచ్చేవారు? నాణేలు చెల్లేవా?

చెల్లేవి, కానీ ఎక్కువమంది అడిగింది నీలిబట్ట. దాని పేరు గినీ. కోరమాండల్ తీరంలో నేసి, నీలిమందు తొట్లలో మళ్లీ మళ్లీ ముంచి, దాదాపు నలుపనిపించేంత ముదురు రంగు పట్టించిన నూలు బట్ట. ఒక తాను సుమారు 16 మీటర్లు. సెనెగల్ నది మీద తాను అంటే డబ్బు. బంక ధర తాన్లలో చెప్పేవారు, అమీర్ల కానుకలు తాన్లలో లెక్కగట్టేవారు, అప్పు తాన్లలో రాసుకునేవారు.

ప్రయాణం చూడండి. పుదుచ్చేరిలో బేళ్లు ఓడకెక్కి ఆఫ్రికా చుట్టి ఫ్రాన్సుకు వెళ్లేవి. బోర్డో గోదాముల్లో చేతులు మారి మళ్లీ దక్షిణానికి సెయింట్ లూయిస్ చేరేవి. అక్కడ మోరెల్ ఎ ప్రోమ్ వంటి బోర్డో కంపెనీలు వాటిని నది వర్తకులకు అరువుకిచ్చేవి.

ఫ్రాన్సులో నకలు చేయబోయారు, కుదరలేదు. కొనే మూరు కళ్లతో మాత్రమే చూడడు. తాను విప్పి వాసన చూస్తాడు, వేళ్ల మధ్య నలిపి బరువు పోల్చుకుంటాడు, పైమెరుపు చూస్తాడు. పుదుచ్చేరి గినీకి ఒక వాసన ఉండేది, ఒంటికి రంగు అంటేది. ఎడారిలో ఆ నీలం ఒంటికి అంటడం గొప్ప. ఫ్రాన్సులోని రూవాన్ మిల్లు బట్ట ఈ పరీక్షలో ఓడిపోయింది. 1877లో ఫ్రెంచి ప్రభుత్వం బెల్జియం, ఇంగ్లండు నీలిబట్టల పోటీని అడ్డుకోవడానికి పుదుచ్చేరి సరుకుకు అనుకూలంగా సుంకాలు వేసింది కూడా.

ఆ బట్ట తెలుగువాళ్లు నేసిందేనా?

కాలాన్ని బట్టి జవాబు మారుతుంది. పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల్లో గినీ బట్ట పేరుతో ఆఫ్రికాకు పోయిన ముతక నూలు బట్టలో మంచి భాగం తెలుగు తీరానిదే. డచ్చివాళ్లు పాలకొల్లు, ద్రాక్షారామం, మచిలీపట్నం, భీమునిపట్నంలో కొఠీలు పెట్టుకుని కొన్న సరుకుల్లో ఇది ముఖ్యమైనది. కానీ పందొమ్మిదో శతాబ్దపు సెనెగల్ నది గినీ ప్రధానంగా పుదుచ్చేరిది, 1829 తర్వాత అక్కడ మిల్లు కూడా వచ్చింది. యానాం పుదుచ్చేరి పాలనలోనే ఉండేది కాబట్టి మొత్తం యానాందే అనేయడం తొందరపాటు. అటు మన నేతగాళ్ల వాటాను మరవకూడదు, ఇటు లేనిది తగిలించకూడదు.

బేరంలో మోసాలు ఎలా జరిగేవి?

రెండు వైపులా. బంకలో ఇసుక, బెరడు ముక్కలు, రాళ్లు కలిపేవారు. బరువు పెంచడానికి తడిపేవారు. తడిసిన బంక ముద్ద కట్టి పడవ అడుగున బూజు పట్టేది.

కొనేవాళ్ల మోసం కొలతలో. కాంతార్ అనే చెక్క తొట్టితో కొలిచేవారు. అది పడవ మీదే ఉండేది, అడుగున తెరిస్తే బంక నేరుగా గిడ్డంగిలోకి జారేది. పేరు మారకుండా ఆ తొట్టి మాత్రం దశాబ్దాల మీద పెరుగుతూ పోయింది. అందుకే వేర్వేరు కాలాల కాంతార్ లెక్కలను పక్కపక్కన పెట్టి పోల్చకండి, తప్పు వస్తుంది.

బట్టలో మోసం అంటే తాను పొట్టిచేయడం, నేత పలచన చేసి గంజి దట్టించడం, రంగు ముంపులు తగ్గించడం. ఫిర్యాదులు ముదిరి 1843లో ఫ్రెంచి ప్రభుత్వం గినీ తానుకు పొడవు, వెడల్పు, బరువు ఖరారు చేసింది.

వర్తకులు అప్పుల్లో ఎందుకు మునిగారు?

నది మీద తిరిగి కొనేవాడు సాధారణంగా సెయింట్ లూయిస్ వాసి, నల్లవాడు లేదా మిశ్రమ సంతతివాడు. బట్ట అతనిది కాదు, బోర్డో కంపెనీది. సీజన్ మొదట్లో తాన్లు అరువు తెచ్చుకుంటాడు, చివర్లో బంకతో తీర్చాలి. 1830ల చివర్లో బట్ట అతిగా దిగుమతి అయింది. రేవులో పదిమంది వర్తకులు ఒకే ఒంటెల బిడారు కోసం పోటీపడి తాను విలువను తామే దించుకున్నారు. బంక దొరికింది గానీ తెచ్చిన అప్పుకు సరిపోలేదు. పడవ ఖర్చు, లాప్తోల జీతం, కానుకలు ఎలాగూ తప్పవు. 1840ల మొదట్లో ప్రభుత్వం కలుగజేసుకుని నియమాలు పెట్టేసరికే చాలా కుటుంబాల ఇళ్లు తాకట్టులోకి పోయాయి. వ్యాపార మెళకువ తెలియక మునిగారని కొందరు రాస్తారు. అది అన్యాయం. ధర పడితే నష్టం మోసేది నది మీద ఉన్నవాడు, బట్ట ఇచ్చినవాడు కాదు. ఆ ఏర్పాటే అలాంటిది.

కానుకలు అంటే ఏమిటి?

ఫ్రెంచివాళ్లు ఏటా మూర్ అమీర్లకు, నదీతీరపు పాలకులకు ఇచ్చుకున్న చెల్లింపులు. రేవు తెరవాలంటే అమీరు మనిషి రావాలి, కానుక ముట్టాలి. కోపం వస్తే అమీరు రేవు మూసేసేవాడు, పడవలు ఖాళీగా నిలబడేవి. 1854లో గవర్నరైన ఫెదెర్బ్ ట్రార్జాతో యుద్ధం చేసి పాత బంక రేవులను ఎత్తేశాడు. బేరాలను దగానా, పోదోర్ వంటి కోటల నీడకు మార్చాడు. పోదోర్ కోటను అతను గవర్నరు కాకముందే 1854లో కట్టారు, మెదీన్ కోటను 1855లో అతనే కట్టించాడు. వర్తక నది ఆక్రమణ దారిగా మారింది ఈ కాలంలోనే.

మెదీన్ ముట్టడికీ నీటిమట్టానికీ సంబంధం ఏమిటి?

1857 ఏప్రిల్‌లో, ఫ్రెంచివాళ్లతో తలపడిన ముస్లిం నాయకుడు అల్ హజ్ ఉమర్ తాల్ సేన మెదీన్‌ను చుట్టుముట్టింది. అది నది ఎండే కాలం, సెయింట్ లూయిస్ నుంచి సాయం రాలేని కాలం. లోపల పోల్ ఓల్ నాయకత్వంలో కొద్దిమంది సైనికులు, కోట పక్కన తలదాచుకున్న వేలమంది జనం. తిండి, మందుగుండు అడుగంటాయి. జూలైలో వరద లేచింది, ఫెదెర్బ్ ఆవిరి ఓడ రాళ్లు దాటి పైకి రాగలిగింది. జూలై 18న ముట్టడి వీడింది. ఆ ఏడు నది రెండు వారాలు ఆలస్యంగా లేచి ఉంటే కోట నిలిచేది కాదనే మా అభిప్రాయం.

జ్వరాలను ఎలా ఎదుర్కొన్నారు?

ప్రయాణానికి అనువైన నెలలే జబ్బుకు కూడా అనువైనవి. వరద అంటే దోమ. ఆ సంగతి అప్పుడు తెలియదు, బురద నుంచి లేచే చెడుగాలి అనుకునేవారు. రాత్రి ఒడ్డున పడుకోవద్దు అనే సలహా తరచుగా ఇచ్చేవారు. కారణం తప్పైనా సలహా కొంత పనిచేసింది. 1820లో పారిస్‌లో క్వినైన్‌ను విడిగా తీశారు. 1834లో అల్జీరియాలో మైయో అనే ఫ్రెంచి సైనిక వైద్యుడు పెద్ద మోతాదులు వాడి చావులు తగ్గించాడు. ఆ తర్వాత నది ఓడల్లో క్వినైన్ మామూలైంది. పచ్చజ్వరానికి మాత్రం అది పనిచేయదు. 1878లో సెయింట్ లూయిస్‌ను ముంచింది అదే.

మలేరియా క్రిమిని దోమ కడుపులో మొదట చూసింది మన సికింద్రాబాద్‌లో, 1897 ఆగస్టు 20న, రోనాల్డ్ రాస్. నది మీద మూడు శతాబ్దాలు చచ్చినవాళ్లకు ఆ జవాబు అందలేదు.

ఈ ప్రయాణం ఎందుకు ఆగింది?

రైలు వల్ల. 1885లో డకార్–సెయింట్ లూయిస్ లైను పడింది, ప్రమాదకరమైన నది మొగను ఓడలు దాటాల్సిన పని తగ్గింది. అక్కడ ఇసుక మేటలు చోటు మారుతూ ఉంటాయి, ఓడలు రోజుల తరబడి బయటే కాచుకునేవి. 1904లో కాయ్ నుంచి నైజర్ నది మీది కూలికోరోకు రైలు చేరింది. అప్పుడు కొన్నేళ్లు నది రద్దీ పెరిగింది కూడా, ఎందుకంటే కాయ్ దాకా ఇంకా నదే దారి. 1923లో థియెస్–కాయ్ లైను పూర్తయ్యాక నది అక్కర తీరిపోయింది. బంకకు సూడాన్ నుంచి పోటీ వచ్చింది, సెనెగల్ వేరుశనగకు మళ్లింది.

ఇప్పుడు ఆ దారిలో వెళ్లవచ్చా?

సగం దూరం కూడా కాదు గానీ, కింది భాగం వెళ్లవచ్చు. 1950లో కట్టిన బూ ఎల్ మొగ్దాద్ అనే పాత నది ఓడ 2005 నుంచి సెయింట్ లూయిస్, పోదోర్‌ల మధ్య యాత్రికులను తిప్పుతోంది. ఆ పేరు పందొమ్మిదో శతాబ్దపు సెయింట్ లూయిస్ ఖాజీ, దుబాసీ బూ ఎల్ మొగ్దాద్ సెక్‌ది. సెయింట్ లూయిస్ దీవి 2000 నుంచి యునెస్కో వారసత్వ స్థలం. రెండు కిలోమీటర్లకు కొంచెం ఎక్కువ పొడవు, ఒక్క రోజులో నడిచి చూడవచ్చు.

పోదోర్‌లో నది వైపు తిరిగి ఉన్న పాత వర్తకశాలలు చూడండి. కింద గోదాము, పైన కాపురం, ముందు రేవు మెట్లు. బకెల్ కోటకు రోడ్డు మీద పోవచ్చు. మెదీన్ మాలీలో ఉంది, అక్కడి భద్రతా పరిస్థితి బాగోలేదు, ఇప్పుడు వెళ్లమని చెప్పలేం. వెళ్లే నెల డిసెంబరు, జనవరి మంచిది. ఎండ తక్కువ, నీళ్లు చాలు, దోమలు తగ్గుతాయి. అయినా మలేరియా మాత్రలు మొదలుపెట్టి, పచ్చజ్వరం టీకా కార్డు జేబులో పెట్టుకుని బయలుదేరండి. టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, అప్పుడే కార్డు చెల్లుతుంది.